చాట దగ్గరికి వచ్చి తిన్నవి

అమ్మణ్ణి టీచరు దేనికి భయపడదో చెప్పమంటే ఒక్క ముక్కలో తేలిపోతుంది. పిట్టలకు భయపడదు. మిగతావన్నీ ఆమెకు భయమే. బల్లి, ఉరుము, వేళ కాని వేళ మోగే ఫోను, తనిఖీకి వచ్చే ఎం.ఇ.ఓ., చివరికి పెళ్ళి భోజనాల్లో పక్క విస్తరి ముందు కూర్చున్న ముక్కూ మొహం తెలియని మనిషి. పదిమందిలో నోరు విప్పాల్సి వస్తే పమిట కొస వేలికి చుట్టుకునేది. ఆ చుట్టు విప్పుకునేసరికి అవతల మాట వేరే దాని మీదికి వెళ్ళిపోయేది.

ఆ పిట్టల పిచ్చి కూడా భయంలోంచి పుట్టిందే. ఉద్యోగం వచ్చిన కొత్తలో ఆమెను గోదావరి లంకలో ఉన్న బడికి వేశారు. పొద్దున్నా సాయంత్రం పడవ ఎక్కాలి. నీళ్ళు చూస్తే ఆమెకు కాళ్ళల్లో సత్తువ పోయేది. నీళ్ళు కనిపించకూడదంటే తల పైకెత్తాలి, తల పైకెత్తితే కనిపించేవి పిట్టలే. ఆరేళ్ళ పాటు ఆకాశం చూస్తూ గోదావరి దాటిన మనిషికి నీటికాకి ఏదో, లకుముకిపిట్ట ఏదో, ఏ కొంగ ఏ నెలలో వస్తుందో తెలియడంలో వింతేముంది? తరవాత ఆత్రేయపురం పక్కనున్న వెలగలదిన్నెకు బదిలీ అయింది. పడవ బాధ తప్పింది గానీ తల పైకెత్తి నడిచే అలవాటు పోలేదు. రెండుసార్లు కాలవగట్టు మీద గేదెను గుద్దుకుంది కూడా.

వెలగలదిన్నెలో ఆమె అద్దెకున్న ఇంటికి పెద్ద పెరడు ఉండేది. జామచెట్టు, రెండు కొబ్బరిచెట్లు, అరటి పిలకలు, కరివేపాకు. ఆ పెరట్లో ఒక గుంజ పాతించి, దాని మీద పాత చాట పెట్టి మేకులు కొట్టింది. పక్కన మూకుడులో నీళ్ళు. ఆదివారం పొద్దున్న ఆరున్నరకల్లా తొమ్మిదిమంది పిల్లలు వచ్చి వెనక వసారాలో బాసింపట్టు వేసుకుని కూర్చునేవారు. మాట్లాడకూడదు. ఏ పిట్ట వచ్చిందో, ఎన్ని వచ్చాయో, ఏం తిన్నాయో పుస్తకంలో రాసుకోవాలి. పేరు తెలియకపోతే బొమ్మ వెయ్యాలి. ఊహించి రాయకూడదు, చూసిందే రాయాలి. వంతుల వారీగా ఒక్కొక్కరు ఇంటి దగ్గర నుంచి నూకలు తేవాలి, ఇంకొకరు చాటలో పోయాలి. ఫీజు అంటే అదే. బళ్ళో నలభై మంది ముందు పీలగా పలికే అమ్మణ్ణి గొంతు, గుసగుసగా తప్ప మాట్లాడకూడని ఆ వసారాలో సరిగ్గా సరిపోయేది. వారంలో ఆ గంటన్నర మాత్రం ఆమెకు దేని మీదా బెంగ ఉండేది కాదు.

ఆ తొమ్మిదిమందిలో ముగ్గురి గురించి చెప్పుకోవాలి. హారతి, చిట్టియ్య అనే రైతు కూతురు, నాలుగో క్లాసు. చూసిందే రాయమంటే కాకి రెట్ట వేసిన సంగతి కూడా ఏ కొమ్మ మీది నుంచో రాసే రకం. సాయిప్రసన్న రెండో క్లాసు. తల్లి కువైట్‌లో ఇళ్ళల్లో పనికి వెళ్ళింది, తండ్రి లారీ మీద ఉంటాడు, అమ్మమ్మ పాపాయమ్మ పెంచుతోంది. ఆ పిల్లకు పచ్చి బియ్యం బొక్కే అలవాటు. బియ్యం బొక్కితే పెళ్ళిలో వాన పడుతుందని ఊరంతా వేళాకోళం చేసేది. ఆ బొక్కుడు చూస్తే ఆమె పెళ్ళికి వాన కాదు, ఏకంగా తుఫానే వచ్చేలా ఉంది. మూడోవాడు సుమంత్. సాయిప్రసన్న పక్కింటి పిల్లవాడు, ఆ పిల్ల ఎటు వెళితే అటు వెళ్ళడం తప్ప వాడికి వేరే పని ఉండేది కాదు.

అది 2003 ఆగస్టు. ఆ ఏడు చేలల్లో ఎలకలు పేట్రేగిపోయాయి. వ్యవసాయశాఖ వాళ్ళు ఊళ్ళో రైతులందరి చేతా ఒకే రోజు మందు పెట్టించాలని శనివారం నాడు బడి వసారాలోనే కార్యక్రమం పెట్టారు. టబ్బులో నూకలు పోసి, నూనె వేసి, మందు పొడి కలపాలి. చిన్న చిన్న పొట్లాలు కట్టి పొలం గట్ల మీది కన్నాల్లో పెట్టాలి. ఎలకలు బాగా బలిశాయని చెప్పి రైతులు ఆఫీసరు చూడకుండా మందు ఒక డబ్బా ఎక్కువే వేశారు. పొట్లాలకు కాగితం చాలలేదు. హెడ్మాస్టరు జోగేశ్వరరావు గారు అమ్మణ్ణి వైపు చూశారు. ఆమె బీరువాలోంచి పాత అర్ధసంవత్సరం పరీక్ష పేపర్ల కట్ట తీసి ఇచ్చింది. ఎలాగూ చెదలు పడుతున్నాయి, పీడ వదిలిందనుకుంది.

కుర్ర ఆఫీసరు కలుపుతూనే చెప్పాడు. "ఇది తిన్న ఎలక అప్పుడే చావదండి. నాలుగైదు రోజులు మామూలుగానే తిరుగుద్ది. ఆ తరవాత నెత్తురు గడ్డకట్టడం మానేసి, లోపలే కారిపోయి చచ్చిపోద్ది. అప్పుడే చస్తే మిగతా ఎలకలకి అనుమానం వచ్చేత్తది కదండీ."

రైతులు నవ్వారు. అమ్మణ్ణి ఆ మాట వినలేక క్లాసులోకి వెళ్ళిపోయింది.

మర్నాడు ఆదివారం నూకలు తెచ్చే వంతు హారతిది, పోసే వంతు సాయిప్రసన్నది. హారతి నాలుగు పొట్లాలు తెచ్చింది. సాయిప్రసన్న పొట్లాలు విప్పి, మునివేళ్ళ మీద లేచి చాటలో పోసింది. రాత్రి వాన పడి వెలిసిందేమో, పిట్టలు ఆకలి మీద ఉన్నాయి. పిచ్చుకలు గుంపుగా దిగాయి, గోరింకల జంట వచ్చింది, జామచెట్టు మీదికి ఒక పిగిలిపిట్ట వచ్చి కూర్చుని తోక కింది ఎరుపు చూపించి పోయింది. అమ్మణ్ణి ఆ పిగిలిపిట్ట మీదే చూపు నిలిపి కూర్చుంది. ఎనిమిది గంటలకు పిల్లలు పుస్తకాలు దిద్దడానికి ఇచ్చేసి ఇళ్ళకు పోయారు.

పది గంటలప్పుడు పొయ్యి రాజేద్దామని పెరట్లో పడి ఉన్న పొట్లం కాగితాలు ఏరింది. చేతికి జిడ్డు తగిలింది. కాగితం విప్పి చూస్తే ఎర్ర సిరాతో ఇరవై అయిదుకు ఆరు మార్కులు, కింద 'శ్రద్ధగా చదువు' అని ఉంది. ఆ రాత ఆమెదే.

అమ్మణ్ణికి ఒక్క క్షణం ఏమీ అర్థం కాలేదు. అర్థమయ్యాక గుంజ పట్టుకుని కూర్చుండిపోయింది. తరవాత లేచి, చాటలో మిగిలిన నూకలు ప్లాస్టిక్ కవరులో కట్టి, గొయ్యి తీసి పూడ్చి, చెప్పులు మరిచిపోయి చిట్టియ్య ఇంటికి పరిగెత్తింది.

"గూట్లో పెట్టిన పొట్లాలు తెచ్చానండి," అంది హారతి. "మా అమ్మ నూకలు డబ్బాలో ఉన్నాయి పట్టుకెళ్ళమంది. పొట్లాల మీద మీ రాత ఉందండి. మీకోసమే కట్టి పెట్టారనుకున్నానండి."

నిన్న గట్ల మీద పెట్టగా మిగిలినవాటిని చిట్టియ్య గూట్లో చెయ్యి పెట్టి లెక్క చూసుకున్నాడు. నాలుగు తక్కువున్నాయి. "పిల్లలెవరూ నోట్లో ఏసుకోలేదు కదండీ టీచరుగారూ?"

అదే అమ్మణ్ణి గుండెల్లో కొట్టుకుంటున్న ప్రశ్న. ఇంటింటికీ వెళ్ళింది. ఎవరి గుమ్మంలోనూ నిలబడి గట్టిగా మాట్లాడి ఎరగని మనిషి, ప్రతి గుమ్మంలోనూ నిలబడి జరిగింది చెప్పి, మీ వాడు తిన్నాడా అని అడిగింది. ఒక ఇంట్లో తిట్టారు, ఒక ఇంట్లో మంచినీళ్ళిచ్చారు. అందరూ లేదనే అన్నారు. సుమంత్ ఊగుతున్న పన్నును నాలికతో తోస్తూ తల అడ్డంగా ఊపాడు. చివరికి పాపాయమ్మ ఇల్లు. అందరికంటే ముందు వెళ్ళాల్సిన ఇల్లు అదేనని అమ్మణ్ణికి తెలుసు. భయం వల్లే దాన్ని చివరికి పెట్టుకుంది.

పాపాయమ్మ చెప్పిందంతా విని మనవరాలి గడ్డం పట్టి పైకెత్తింది. "తిన్నావేంటే?"

"తినలేదు," అంది సాయిప్రసన్న నేల చూస్తూ.

"కొంచెం కూడా తినలేదామ్మా? ఒక్క గింజ?" అని అమ్మణ్ణి వంగి అడిగింది.

"తినలేదండి."

"లేదంటంది కదండీ," అంది పాపాయమ్మ. "దీనికేదన్నా అయితే కువైట్‌లో ఉన్నదానికి నేనేం చెప్పుకోవాలి? పిల్లలకి ఎక్కాలు నేర్పించమంటే పిట్టలేంటండీ, పిచ్చికలేంటండీ? రేపటి నుంచి పంపను."

తిరిగి వస్తుంటే దారిలో జోగేశ్వరరావు గారు సైకిలు ఆపారు. అప్పటికే కబురు ఊరంతా పాకింది. "ఎవరూ తినలేదన్నారు కదా మేడమ్. ఇంక ఊరుకోండి. పెద్దది చేస్తే ఆ పేపర్లు ఎవరిచ్చారన్న దాకా వస్తుంది. మీకూ మంచిది కాదు, నాకూ మంచిది కాదు." అమ్మణ్ణి తల ఊపింది. నిజం చెప్పాలంటే ఆ మాట ఆమెకు చల్లగానే తగిలింది. తినలేదు. తొమ్మిదిమందీ తినలేదన్నారు. ఇంటికి వచ్చి ముఖం కడుక్కుని, మనసు మళ్ళించుకుందామని పిల్లల పుస్తకాలు ముందేసుకుంది.

పైన ఉన్నది హారతి పుస్తకం. గుండ్రటి అక్షరాలతో తేదీ వేసి, 'చాట దగ్గరికి వచ్చి తిన్నవి' అని రాసి కింద గీత గీసింది. పిచ్చుకలు పదకొండు. గోరింకలు రెండు. ఉడుత ఒకటి. సాయిప్రసన్న, రెండు గుప్పెళ్ళు.

అమ్మణ్ణి పుస్తకం మూసేసింది. మూసేసి దాని మీద చెయ్యి పెట్టుకుని కూర్చుంది. ఈ పేజీ తను తప్ప ఎవరూ చూడలేదు. హారతి చిన్నపిల్ల, ఏదో సరదాకు రాసి ఉండవచ్చు. అమ్మమ్మ ఎదురుగా పిల్ల లేదంది. పాపాయమ్మ అరుపులు, ఎం.ఇ.ఓ. విచారణ, సస్పెన్షన్, చుట్టూ మూగే జనం, అందరి మధ్యలో తను. అన్నీ కళ్ళముందు తిరిగాయి. పిల్ల మామూలుగానే ఉందని చూసి వచ్చింది కదా అని సర్దిచెప్పుకోబోయింది. నాలుగైదు రోజులు మామూలుగానే తిరుగుద్ది అన్న మాట అప్పుడు గుర్తొచ్చింది.

హారతి ఊహించి రాయదు. రాయకూడదని నేర్పింది తనే.

ఆ పుస్తకం పట్టుకుని మళ్ళీ పాపాయమ్మ వాకిట్లోకి వెళ్ళింది. పాపాయమ్మకు చదువు రాదు. అమ్మణ్ణి పైకి చదివి వినిపించింది. సాయిప్రసన్న ఏడుపు మొదలెట్టింది. ఆ ఏడుపే సమాధానం. పాపాయమ్మ తిట్టలేదు, కొట్టలేదు. మంచం కింద నుంచి రేకుపెట్టె లాగి, ఉన్న డబ్బు కొంగున ముడేసుకుని, "పదండి," అంది. ఆవిడ తిట్టి ఉంటేనే అమ్మణ్ణికి కాస్త నయంగా ఉండేది.

చిట్టియ్య ఆటో తెచ్చాడు. బొబ్బర్లంక మీదుగా బ్యారేజీ ఎక్కారు. గోదావరి వరద మీద ఉంది, ఎర్రటి నీళ్ళు గేట్ల కింద హోరుమంటున్నాయి. అమ్మణ్ణి తన ఒళ్ళో ఉన్న పిల్ల పెదాలకేసి, గోళ్ళకేసి, ముక్కుకేసి చూస్తూనే ఉంది. నీళ్ళు ఎప్పుడు దాటారో ఆమె చూడనే లేదు.

రాజమండ్రిలో పిల్లల డాక్టరు మందు పేరు అడిగాడు. పొట్లం కాగితం, వచ్చేముందు బడి దగ్గర చెత్తలో ఏరిన మందు డబ్బా అమ్మణ్ణి బల్ల మీద పెట్టింది. ఎంత పాళ్ళలో కలిపారని అడిగాడు. "ఒక డబ్బా ఎక్కువే వేశారండి," అంది. డాక్టరు విరుగుడు ఇంజెక్షన్ చేయించి, "తిన్న రోజు ఏమీ తెలియదమ్మా. రోజూ నెత్తురు పరీక్ష చెయ్యాలి. ఇక్కడే ఉండండి," అన్నాడు.

సోమవారం పిల్ల మంచం మీద గెంతింది. మంగళవారం పొద్దున్న పరీక్షకు నెత్తురు తీసిన చోట దూది ఒత్తి పెడితే పావుగంటకూ ఆగలేదు. దూది మారుస్తున్నారు, అది తడుస్తోంది. పాపాయమ్మ గోడకు చేరగిలబడి ఊళ్ళో దేవతలందరికీ మొక్కుతోంది. అమ్మణ్ణికి మొక్కడం కూడా చేతకాలేదు. ఇదంతా తన పెరట్లో, తన చాటలో, తన రాత ఉన్న కాగితంలోంచి వచ్చిందని మాత్రమే మనసులో తిరుగుతోంది. ఆ పదకొండు పిచ్చుకల కోసం ఏడవడానికి తరవాత తీరిక దొరికింది గానీ, అప్పుడు అవి గుర్తుకే రాలేదు. డాక్టరు మందు పెంచాడు. బుధవారం మధ్యాహ్నానికి పరీక్ష కాస్త మెరుగ్గా వచ్చిందన్నాడు. గండం గడిచినట్టేనని అప్పుడే చెప్పలేనంటూనే నవ్వాడు. పాపాయమ్మ మూడు రోజుల తరవాత మొదటిసారి టీ తాగడానికి కిందికి వెళ్ళింది.

అమ్మణ్ణి పిల్ల జుట్టు దువ్వుతూ అడిగింది. "ఆ రోజు లేదని ఎందుకన్నావమ్మా? అమ్మమ్మ కొడుతుందనా?"

"అమ్మమ్మ కొట్టదండి. తిడుద్దంతే."

"మరి ఎవరికి భయపడ్డావు?"

సాయిప్రసన్న దుప్పటి అంచు వేలికి చుట్టుకుంది. "మీకేనండి. ఇంకోసారి గింజలు బొక్కితే ఆదివారం రావద్దన్నారు కదండీ."

దువ్వెన ఆగిపోయింది. అన్నమాట నిజమే. రెండు వారాల కిందట, పెన్సిళ్ళు చెక్కుతూ, నవ్వుతూనే అంది. అన్న మరుక్షణం మరిచిపోయింది. నలభై ఏళ్ళుగా అందరికీ భయపడుతూ బతికిందే తప్ప, తనకు భయపడేవాళ్ళు కూడా ఉంటారని అమ్మణ్ణికి ఏనాడూ తోచలేదు. ఆ భయానికి ఈ పిల్ల ప్రాణం మీదికి తెచ్చుకుంది.

"రావద్దనను," అంది. "ఏం తిన్నా, ఏం చేసినా నిన్ను రావద్దనను."

"తిట్టరా అండి?"

"తిట్టను."

పిల్ల ఆమె ముఖంలోకి చాలాసేపు చూసింది. "సుమంత్‌కి కూడా పెట్టానండి. జేబులో ఏసుకెళ్ళి, దారిలో."

అమ్మణ్ణి మెట్లు ఎలా దిగిందో తెలియదు. ఆసుపత్రి ఎదురుగా ఉన్న ఎస్.టి.డి. బూత్‌లో వెలగలదిన్నె కిరాణా కొట్టుకు ఫోను చేసింది. అటువైపు వినబడడం లేదంటే అరిచింది. ఆ పీల గొంతులో అంత అరుపు ఎక్కడ దాగి ఉందో గానీ, రోడ్డు మీద పోయేవాళ్ళు ఆగి చూశారు. "సుమంత్‌ని పట్టుకురండి. వాడినొక్కణ్ణే కాదు, ఆదివారం వచ్చిన పిల్లలందరినీ పట్టుకురండి. తినలేదన్నా సరే, పట్టుకురండి."

అయిదు గంటలకు వ్యాను వచ్చింది. తల్లి భుజం మీద సుమంత్ ముఖం తెల్లగా పాలిపోయి ఉంది. నోటికి అడ్డం పెట్టిన తువ్వాలు ఎర్రగా తడిసింది. పొద్దుటి నుంచీ చిగుళ్ళ వెంట నెత్తురు వస్తోందట. ఊగే పన్ను కదా, ఊడిపోతే అదే తగ్గుతుందని ఇంట్లో వాళ్ళు ఊరుకున్నారు. వాణ్ణి లోపలికి తీసుకెళ్ళి తలుపు వేశారు. ఆ తలుపు గంటన్నర తరవాత తెరుచుకుంది. డాక్టరు చేతులు తుడుచుకుంటూ వచ్చి, "ఆగింది," అన్నాడు. "రేపు తెచ్చి ఉంటే నేను చెయ్యగలిగింది ఉండేది కాదు." సుమంత్ తల్లి నేల మీద కూలబడి ఏడ్చింది. పాపాయమ్మ వెళ్ళి ఆమె పక్కన కూర్చుంది.

మిగతా ఏడుగురు పిల్లలూ వరండాలో బల్ల మీద వరసగా కూర్చుని ఉన్నారు. నెత్తురు తీసిన చోట దూది ఒత్తుకుంటూ, మాట్లాడకుండా, వసారాలో కూర్చున్నట్టే. చూపు మాత్రం పిట్టల మీద లేదు. అమ్మణ్ణి బయటికి రాగానే ఏడుగురూ ఒక్కసారి ఆమె ముఖంకేసి చూశారు. ఆ చూపు ఏమిటో అమ్మణ్ణికి ఎవరూ చెప్పక్కర్లేదు. చిన్నప్పటి నుంచీ అద్దంలో చూస్తున్నదే.

ఆమె వెళ్ళి ఆ బల్ల ముందు, వాళ్ళ కాళ్ళ దగ్గర, గచ్చు మీద కూర్చుంది. ఇప్పుడు వాళ్ళే ఆమెకంటే ఎత్తులో ఉన్నారు.

"తప్పు నాదమ్మా," అంది. "ఆ కాగితాలు ఇచ్చింది నేను. ఇంక చెప్పండి, ఎవరూ ఏమీ అనరు."

బల్ల చివర కూర్చున్న పిల్ల దూది తీసి చూసుకుని, నెత్తురు ఆగిందని ఆమెకు చూపించింది.